కొత్త ఇండీ గేమ్ కొనాలా వద్దా: స్టోర్ పేజీలో ఏది చూడాలి, ఏది నమ్మకూడదు

2024 ఒక్క ఏడాదిలోనే స్టీమ్ అనే కంప్యూటర్ గేమ్స్ స్టోర్‌లోకి 18 వేలకి పైనే కొత్త గేమ్స్ వచ్చాయి, లెక్కేస్తే రోజుకి యాభై దాకా పడతాయి, వీటిలో పెద్ద కంపెనీలవి చాలా తక్కువ, మిగతావన్నీ ఒక్కళ్లో ఇద్దరో పదిమందో కలిసి చేసుకున్నవే, వీటినే ఇండీ గేమ్స్ అంటారు. ఇన్ని ఎందుకొస్తున్నాయంటే రావడం అంత ఈజీ కాబట్టి. 2012 నుంచి 2017 దాకా గ్రీన్‌లైట్ అని ఒకటుండేది, ప్లేయర్లు ఓట్లేసి బావుందంటేనే గేమ్ స్టోర్‌లోకి వచ్చేది. 2017 జూన్‌లో దాన్ని ఎత్తేసి స్టీమ్ డైరెక్ట్ పెట్టారు, ఇప్పుడు గేమ్‌కి 100 డాలర్లు కడితే చాలు, ఆ గేమ్ 1000 డాలర్లు సంపాదిస్తే ఆ వంద కూడా వెనక్కి ఇచ్చేస్తారు. గేమ్ ఓపెన్ అవుతుందా, పేజీలో చెప్పింది లోపల ఉందా లాంటివి స్టీమ్‌ని నడిపే వాల్వ్ వాళ్లు చూస్తారు గానీ ఆడటానికి బావుందా లేదా అన్నది ఎవరూ చూడరు. అంటే స్టోర్‌లో కనిపిస్తోంది కదా, ఎవరో ఒకళ్లు చూసి ఓకే చేసుంటారులే అనుకుంటే తప్పు, ఆ చూసే పని ఇప్పుడు కొనేవాడి మీదే పడింది.

ఇండీ అన్న మాటని కూడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. డేవ్ ద డైవర్ చేసిన మింట్‌రాకెట్ అనేది కొరియాలో నెక్సాన్ అనే పెద్ద కంపెనీ కిందది, ఐనా 2023లో గేమ్ అవార్డ్స్‌లో దాన్ని ఇండీ కేటగిరీలో నామినేట్ చేశారు, దాని మీద బోలెడు గొడవ జరిగింది. 2025లో ఎక్స్‌పెడిషన్ 33 వచ్చినప్పుడు కూడా అదే గొడవ. పిక్సెల్ ఆర్ట్ ఉంటే ఇండీ, లేకపోతే కాదు అన్నట్టు చూస్తారు చాలామంది. కొనేవాడికి ఇదంతా అనవసరం, ఎంతమంది చేశారు అన్నది ఒక్క విషయంలోనే పనికొస్తుంది, రేపు బగ్స్ వస్తే ఎంత స్పీడుగా ఫిక్స్ అవుతాయో ఒక ఐడియా వస్తుంది, అంతే.

సరే, అందరూ ముందు చూసేది రివ్యూ లేబుల్. అదెలా పెడతారో తెలిస్తే సగం మాయ పోతుంది. స్టీమ్ రివ్యూలో పదికి ఎన్ని అని మార్కులుండవు, బొటనవేలు పైకా కిందకా అంతే. 500 రివ్యూలు దాటి 95 శాతం మంది పైకి చూపిస్తే ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్, కనీసం 50 రివ్యూలుండి 80 శాతం దాటితే వెరీ పాజిటివ్, 70 నుంచి 79 అయితే మోస్ట్లీ పాజిటివ్, 40 నుంచి 69 మధ్యలో ఉంటే మిక్స్‌డ్. కనీసం పది రివ్యూలు రానిదే లేబులే రాదు. ఇక్కడ మొదటి తిరకాసు, 96 శాతం అంటే వందకి 96 మార్కులు అని చాలామంది బుర్రలో పడిపోతుంది, కానీ దానర్థం రివ్యూ రాసినవాళ్లలో 96 శాతం మంది "పర్లేదు, కొనొచ్చు" అన్నారు అని మాత్రమే. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన గేమ్‌కి కూడా 96 రావచ్చు, కొంతమందికి ప్రాణంలా నచ్చి మిగతావాళ్లకి అస్సలు ఎక్కని గేమ్‌కి 78 రావచ్చు, ఆ రెండోదే మీకు జీవితాంతం గుర్తుండిపోయే గేమ్ అవ్వచ్చు.

రెండో తిరకాసు ఇంకా పెద్దది. ఆ రివ్యూలు రాసింది ఎవరు? ఆల్రెడీ కొన్నవాళ్లు. చిన్న గేమ్‌ని మొదటివారంలో ఎవరు కొంటారు? ఆ టైప్ గేమ్స్ అంటే పడిచచ్చేవాళ్లే. బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చిన ఫ్యాన్స్‌ని మైక్ పెట్టి అడిగితే ఏం చెప్తారో ఇదీ అంతే, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్లకి నిజంగానే నచ్చింది, కానీ ఆ సినిమాకి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషి వాళ్లలో ఒక్కడూ లేడు. రైళ్లు నడిపే సిమ్యులేటర్‌కో, వందల టెక్స్ట్ పేజీలు చదవాల్సిన విజువల్ నావెల్‌కో 97 శాతం ఉందంటే రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లలో, చదివే ఓపిక ఉన్నవాళ్లలో 97 శాతం అని చదువుకోవాలి. ఆ గుంపులో మీరు ఉన్నారా లేదా అన్న ప్రశ్నకి ఆ నంబర్ దగ్గర ఆన్సర్ లేదు.

రిలీజ్ అయిన మూడు నాలుగు రోజుల్లో ఇరవై రివ్యూలతో వంద శాతం కనిపించే గేమ్స్ చాలా ఉంటాయి, వాటిని చూసి ఆగమవ్వక్కర్లేదు. చేసినవాళ్ల ఫ్రెండ్స్, డిస్కార్డ్‌లో మొదట్నుంచీ ఫాలో అవుతున్నవాళ్లు, వీళ్లే ఆ ఇరవై మంది. 2016లో వాల్వ్ ఒక మంచి పని చేసింది, బయట ఎక్కడో దొరికిన కీ, అంటే గేమ్‌ని తెరిచే కోడ్, వాడి రాసిన రివ్యూల్ని స్కోర్‌లో కలపడం మానేసింది, దాంతో ఫ్రీ కీలు పంచి శాతం పెంచుకునే పని కొంత తగ్గింది. కానీ పదిమంది చుట్టాలు సొంత డబ్బులు పెట్టి కొని రాస్తే ఎవరేం చేస్తారు.

అందుకే పాజిటివ్ రివ్యూలు చదవడం దాదాపు వేస్ట్. సగం రివ్యూల్లో ఒక జోకు, లేదా పిల్లి బొమ్మ ఉంటుంది, మిగతా సగంలో "మాస్టర్‌పీస్" అని ఒక్క ముక్క. ఫిల్టర్ పెట్టుకుని నెగటివ్ రివ్యూలు మాత్రమే చదవాలి, అదీ పక్కన ఎన్ని గంటలు ఆడి రాశారో చూసుకుంటూ చదవాలి. 0.3 గంటలు ఆడి తిట్టినవాడు ఎక్కువగా టెక్నికల్ విషయమే చెప్తాడు, ఓపెన్ అవ్వలేదు, కంట్రోలర్ పట్టలేదు, తెర నల్లగా ఉండిపోయింది అని. మీ లాప్‌టాప్ లాంటిదే వాడిదీ ఐతే అది బంగారం లాంటి సమాచారం, కాకపోతే వదిలేయొచ్చు. 300 గంటలు ఆడి తిట్టినవాడిది ఇంకో కథ, వాడికి లేటెస్ట్ అప్‌డేట్‌లో తన ఫేవరెట్ ఆయుధం పవర్ తగ్గించారని కోపం, మొదటిసారి కొనేవాడికి దానితో సంబంధమే లేదు, పైగా 300 గంటలు ఆడాడంటేనే అదొక సర్టిఫికెట్. అసలు పనికొచ్చేవాళ్లు మధ్యలో ఉంటారు, నాలుగైదు గంటల నుంచి ఇరవై గంటల దాకా ఆడి, నిజంగా ట్రై చేసి, ఇక నా వల్ల కాదు అని వదిలేసినవాళ్లు. వీళ్లు ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాస్తారు.

అలాంటివి ఓ పది చదివితే ఫిర్యాదులు రెండు రకాలని తెలిసిపోతుంది. ఒకటి లోపం: సేవ్ ఫైల్ పోతోంది, మూడో చాప్టర్ తర్వాత అదే లెవెల్ రంగు మార్చి మళ్లీ మళ్లీ పెట్టారు, ఎండింగ్ సగంలో ఆగిపోయింది. రెండోది టేస్ట్: చాలా స్లోగా ఉంది, చాలా కష్టంగా ఉంది, చచ్చిపోతే మళ్లీ మొదట్నుంచి మొదలవుతోంది, ఎక్కడికెళ్లాలో చెప్పట్లేదు. లోపం ఎవరికైనా లోపమే. టేస్ట్ మాత్రం ఒకడి తిట్టు ఇంకొకడికి పొగడ్త. "ఎక్కడికెళ్లాలో ఎవడూ చెప్పడు, గంటసేపు తిరిగా" అన్న నెగటివ్ రివ్యూ చదివి ఔటర్ వైల్డ్స్ కొనుక్కున్నవాళ్లు ఎంతమందో, ఆ గేమ్ మజానే అది. నెగటివ్ రివ్యూలు చదువుతూ "ఇదేనా నీ బాధ, నాకిది ఓకే" అని పది సార్లు అనిపించిందంటే ఇంక ఆలోచించేదేం లేదు, కొనేయడమే.

మొత్తం రివ్యూలు, కొత్త రివ్యూలు అని స్టీమ్ రెండు లేబుల్స్ చూపిస్తుంది, కొత్తవి అంటే లాస్ట్ 30 రోజులవి. రెండిటికీ బాగా తేడా ఉంటే ఏదో జరిగినట్టు. ఏం జరిగిందో చూడకుండా డిసైడ్ అవ్వకూడదు, ఎందుకంటే గేమ్‌తో సంబంధం లేని గొడవల వల్ల కూడా జనం మూకుమ్మడిగా నెగటివ్ వేస్తారు, 2019 నుంచి వాల్వ్ అలాంటివి కనిపెట్టి స్కోర్ నుంచి తీసేస్తోంది గానీ అన్నీ దొరకవు. భాష సంగతి కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 4న సిల్క్‌సాంగ్ అనే గేమ్ వచ్చినప్పుడు మిగతా అందరూ ఆకాశానికెత్తేస్తుంటే చైనీస్ రివ్యూలు మాత్రం కింద పడ్డాయి, కారణం గేమ్ కాదు, చైనీస్ అనువాదం దరిద్రంగా ఉందని. దానికి కొద్ది వారాల ముందే స్టీమ్ భాషల వారీగా విడిగా స్కోర్ చూపించడం మొదలుపెట్టింది కాబట్టి సరిపోయింది. మనం ఎలాగూ ఆడేది ఇంగ్లీష్‌లోనే కాబట్టి ఇంగ్లీష్ స్కోర్ చూస్కుంటే చాలు.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వద్దాం, గంటకి ఎన్ని రూపాయలు పడింది అన్న లెక్క. మన దగ్గర ఈ లెక్క మరీ ఎక్కువ, పెట్టిన డబ్బుకి ఎన్ని గంటలొస్తాయి అని మొదటి ప్రశ్న అదే. హౌ లాంగ్ టు బీట్ అనే సైట్‌కెళ్లి గంటలు చూడటం, ధరని దాంతో భాగించడం. పెద్ద గేమ్స్‌కి ఎంతో కొంత పనికొస్తుందేమో గానీ ఇండీకి ఈ లెక్క దాదాపు పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. వెన్బా తీస్కోండి, కెనడా వెళ్లి సెటిల్ అయిన ఒక తమిళ కుటుంబం కథ, టొరంటోలో విసై గేమ్స్ వాళ్లు చేశారు, 2023 జులై 31న 15 డాలర్లకి వచ్చింది. మొత్తం గేమ్ గంటన్నర. గంట లెక్కేస్తే ఇంతకంటే ఖరీదైన గేమ్ దొరకదు. కానీ అమ్మ ఇచ్చిన పాత వంటపుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చాలో మనమే ఊహించి చేయాలి, పెరిగి పెద్దైన కొడుకు ఇంట్లో తమిళం మాట్లాడటం మానేస్తాడు, అది చూసి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లెవరైనా కాసేపు మౌనంగా కూర్చోవాల్సిందే. దీన్ని పది గంటలు సాగదీస్తే చచ్చిపోయేది. 2024లో బాఫ్టా వాళ్లు దీనికి బెస్ట్ డెబ్యూ గేమ్ అవార్డ్ ఇచ్చారు.

ఎ షార్ట్ హైక్ కూడా అంతే, 2019లో వచ్చింది, 8 డాలర్లు, కొండెక్కి దిగితే రెండు గంటల్లోపే ఐపోతుంది, మరుసటి ఏడాది ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రైజ్ దానికే. అటువైపు చూస్తే వాంపైర్ సర్వైవర్స్, లూకా గలాంటే అనే ఇటాలియన్ డెవలపర్ మొదలుపెట్టింది, 2021 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా పూర్తవ్వకుండానే, 3 డాలర్లకి పెట్టాడు, వంద గంటలు ఆడినవాళ్లు కోకొల్లలు, 2023లో బాఫ్టా బెస్ట్ గేమ్ కూడా కొట్టింది. స్టార్‌డ్యూ వ్యాలీ సంగతి చెప్పక్కర్లేదు, ఎరిక్ బరోన్ ఒక్కడే చేసి 2016లో 15 డాలర్లకి పెట్టాడు, ఎనిమిదేళ్ల తర్వాత 2024 మార్చ్‌లో 1.6 అప్‌డేట్ ఇచ్చాడు, అది కూడా ఫ్రీనే, ధర ఇప్పటికీ పెంచలేదు. గంట లెక్కలో ఇవే బెస్ట్. కానీ ఇవి బెస్ట్ కాబట్టి వెన్బా వేస్ట్ అంటే ఎలా కుదురుతుంది? రెండిటి పనీ వేరు. గంటలు చూడాల్సింది ధరని భాగించడానికి కాదు, ఈ గేమ్ నా దగ్గర్నుంచి ఎంత టైమ్ అడుగుతోంది అని తెలుసుకోడానికి. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదింటికి ఓ గంట దొరికేవాడికి 80 గంటల గేమ్ చవకైనా దండగే, పదో గంట దగ్గర ఆగిపోతుంది. స్టీమ్ లైబ్రరీ తెరిచి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, డిస్కౌంట్‌లో చవగ్గా వస్తున్నాయని కొని ఒక్కసారి కూడా ఓపెన్ చేయనివి ఎన్నుంటాయో.

గంటల గురించి మాట్లాడుతున్నప్పుడే రిఫండ్ సంగతి కూడా చెప్పేయాలి. 2015 జూన్ నుంచి స్టీమ్ రూల్ ఇది: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకి తక్కువ ఆడి ఉంటే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. కొనేవాడికి ఇంతకంటే మంచి ఆయుధం లేదు. ఐతే దీన్ని సరిగ్గా వాడేవాళ్లు తక్కువ. చాలామంది గేమ్ కొనేసి లైబ్రరీలో పడేసి నెల తర్వాత ఓపెన్ చేస్తారు, అప్పటికి 14 రోజులు ఐపోయుంటాయి. కొన్న రోజే, లేదా ఆ వారాంతంలోనే రెండు గంటలు ఆడేట్టుంటేనే కొనాలి, లేదంటే విష్‌లిస్ట్‌లో పెట్టుకుని ఊర్కోవాలి. ఇంకోటి, గేమ్ ఆన్ చేసి వదిలేసి టిఫిన్ చేయడానికి వెళ్లినా ఆ టైమ్ లెక్కలో పడిపోతుంది. ముందస్తు యాక్సెస్ అని ఎక్కువ డబ్బు కట్టించుకుని రిలీజ్‌కి మూడు రోజుల ముందే ఆడనిచ్చేవి ఉంటాయి కదా, 2024 ఏప్రిల్ నుంచి ఆ గంటలు కూడా రెండు గంటల్లో కలుపుతున్నారు.

ఈ రెండు గంటల రూల్ చిన్న గేమ్స్ పాలిట శాపం కూడా. 2021లో సమ్మర్ ఆఫ్ 58 అనే హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ వాళ్లు ఇంక గేమ్స్ చేయడం మానేస్తున్నాం అని ప్రకటించారు, కారణం వాళ్ల గేమ్ రెండు గంటల్లోపే ఐపోతుంది, జనం పూర్తిగా ఆడి, బావుందని రివ్యూ కూడా రాసి, రిఫండ్ తీస్కున్నారు. చివరిదాకా ఆడి నచ్చిన గేమ్‌కి డబ్బు వెనక్కి తీస్కోడం రూల్ ప్రకారం తప్పు కాకపోవచ్చు గానీ అదేం పని. రిఫండ్ అనేది నచ్చలేదు, నడవలేదు అన్నప్పుడు వాడాలి. వాల్వ్ కూడా ఫ్రీగా ఆడటానికి దీన్ని వాడుకుంటున్నారని అనుమానం వస్తే ఆపేస్తాం అని రాసిపెట్టింది.

ఇంకో సంగతి, మొదటి రెండు గంటలు అన్ని గేమ్స్‌లో ఒకేలా మాట్లాడవు. బాలాట్రో లాంటిది ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది, పేకముక్కలతో పోకర్ కాంబినేషన్లు వేస్తూ జోకర్లు కొనుక్కుంటూ పోవడమే, కెనడాలో లోకల్‌థంక్ అనే పేరుతో ఒకతను చేశాడు, 2024 ఫిబ్రవరి 20న వస్తే నెల తిరక్కముందే పది లక్షల కాపీలు పోయాయి, దాని డెమో రిలీజ్‌కి ముందే చేతుల్లోకి వెళ్లడం వల్లే అంత టాక్ వచ్చింది. కానీ కథతో నడిచే గేమ్స్‌కి, ఔటర్ వైల్డ్స్ లాంటి తిరిగి కనుక్కునే గేమ్స్‌కి రెండు గంటలంటే ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నట్టు. అలాంటప్పుడు "బోర్ కొడుతోందా" అని కాదు, "తర్వాత ఏముందో తెలుసుకోవాలని ఉందా" అని మనల్ని మనం అడగాలి. బిల్డింగ్, మేనేజ్‌మెంట్ గేమ్స్ ఐతే ఇంకా కష్టం, అవి మొదటి రెండు గంటలు అన్నీ బావుంటాయి, ఏడో గంటకి చేయడానికేం మిగల్దు. వాటికి పైన చెప్పిన పది ఇరవై గంటల నెగటివ్ రివ్యూలే దిక్కు.

డెమో ఉంటే మాత్రం ఈ తలనొప్పి అంతా లేదు. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ అని ఏడాదికి మూడుసార్లు పెడతారు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో, రాబోయే గేమ్స్ డెమోలు వందలకొద్దీ ఫ్రీగా ఆడొచ్చు. ఒక చిన్న హెచ్చరిక, డెమో అంటే వాళ్ల దగ్గరున్న బెస్ట్ ముప్పై నిమిషాలు, నెలల తరబడి తోమి తోమి పెట్టింది. కంట్రోల్స్ చేతికి బావున్నాయా, మన మెషీన్‌లో నడుస్తోందా అన్నవి డెమో నిజాయితీగా చెప్తుంది, మిగతా గేమ్ కూడా ఇంతే బావుంటుందా అన్నది చెప్పదు.

ఎర్లీ యాక్సెస్ దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. 2013 మార్చ్‌లో మొదలైంది ఈ పద్ధతి, ఇంకా తయారవ్వని గేమ్‌ని అమ్ముతారు, వచ్చిన డబ్బుతో పూర్తి చేస్తారు. మంచిగా జరిగితే హేడిస్, 2018 డిసెంబర్‌లో ముందు ఎపిక్ అనే ఇంకో స్టోర్‌లో పెట్టి, రెండేళ్లలోపే 2020 సెప్టెంబర్‌లో పూర్తి చేసి, ఆ ఏడాది వచ్చిన బెస్ట్ గేమ్స్‌లో ఒకటిగా నిలబడింది. ఐతే గమనించాల్సిందేంటంటే ఎర్లీ యాక్సెస్ మొదటిరోజు నుంచే హేడిస్ ఆడటానికి బావుంది, ఎండింగ్ లేదు అంతే. డేజీ 2013 డిసెంబర్‌లో వస్తే పూర్తయిందని చెప్పడానికి 2018 డిసెంబర్ దాకా పట్టింది. ఇంక ద డే బిఫోర్ కథ ఐతే మరీ ఘోరం, స్టీమ్‌లో ఎక్కువమంది విష్‌లిస్ట్ చేసుకున్న గేమ్స్‌లో అదొకటి, ట్రైలర్స్ చూస్తే హాలీవుడ్ సినిమాలా ఉండేవి, 2023 డిసెంబర్ 7న ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది, నాలుగంటే నాలుగు రోజుల తర్వాత స్టూడియో మూసేస్తున్నాం అన్నారు. కొన్నవాళ్లకి డబ్బు వెనక్కొచ్చింది గానీ లక్షలమంది దేన్ని చూసి విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నారు అంటే ట్రైలర్ తప్ప ఏమీ లేదు.

మొదట సగం సగంగా వచ్చిన నో మ్యాన్స్ స్కై పేరు చెప్పి "చూడండి, వాళ్లు బాగు చేశారు కదా" అంటారు చాలామంది. చేశారు, నిజమే, హెలో గేమ్స్ వాళ్లని మెచ్చుకోవాలి. కానీ 2016 ఆగస్టులో 60 డాలర్లు పెట్టి కొన్నవాడికి ఫ్రెండ్స్‌తో కలిసి సరిగ్గా ఆడే గేమ్ దొరకడానికి 2018 జులైలో "నెక్స్ట్" అనే పేరుతో వచ్చిన అప్‌డేట్ దాకా ఆగాల్సి వచ్చింది, ఆ రెండేళ్లలో అది ఎన్ని సార్లు డిస్కౌంట్‌లోకి వచ్చిందో లెక్కలేదు. ఆగినవాడికి తక్కువ ధరకి మంచి గేమ్ దొరికింది, ముందే కొన్నవాడికి ఎక్కువ ధరకి సగం గేమ్ దొరికింది. అందుకే ఎర్లీ యాక్సెస్‌లో ఉన్నదాని రోడ్‌మ్యాప్, అంటే ముందుముందు ఏమేం ఇస్తామో చూపించే బొమ్మ, ఎంత అందంగా ఉన్నా చదవక్కర్లేదు, ఇవాళ ఉన్నది ఉన్నట్టుగా ఇంక అప్‌డేట్ రాకపోయినా ఈ డబ్బు పెడతానా అని చూస్కోవాలి. పేజీలో అప్‌డేట్ల హిస్టరీ ఉంటుంది, తేదీల మధ్య గ్యాప్ ఎంతుందో చూడాలి. నెలకోటి వచ్చేవి మూడు నెలలకోటి అయ్యి తర్వాత ఆగిపోయాయంటే అర్థమైపోతుంది. 2025 నుంచి ఏడాదికి పైగా అప్‌డేట్ రాని ఎర్లీ యాక్సెస్ గేమ్ పేజీ మీద స్టీమే హెచ్చరిక చూపిస్తోంది.

యూట్యూబ్ చూసి కొనేవాళ్లకి ఒక మాట. ట్రైలర్ కంటే ఎడిట్ చేయని గేమ్‌ప్లే పావుగంట మేలు, అది కూడా మొదటి పావుగంట కాకుండా మధ్యలోది. స్పాన్సర్డ్ అని వీడియో కింద ఉందేమో చూస్కోవాలి, ఉంటే తిట్టాల్సిన పన్లేదు, అతని అభిప్రాయాన్ని పక్కన పెట్టి తెర మీద ఏం జరుగుతోందో మాత్రం చూస్తే సరిపోతుంది. ఇంకా ముఖ్యంగా, చూడటానికి సరదాగా ఉన్నవన్నీ ఆడటానికి సరదాగా ఉండవు. లీథల్ కంపెనీ, రెపో, పీక్ లాంటివి స్ట్రీమ్‌లో చూస్తే పొట్టచెక్కలయ్యేలా నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వంతా నలుగురు ఫ్రెండ్స్ అరుచుకోవడంలో ఉంది. పీక్ 8 డాలర్లే, నలుగురి గ్యాంగ్ ఉండి ప్రతి శనివారం ఆన్‌లైన్‌లోకి వస్తామంటే ఇంతకంటే చవకైన ఎంటర్‌టైన్‌మెంట్ లేదు. గ్యాంగ్ లేకపోతే ఎంత చవకైనా వద్దు. తెలియనివాళ్లతో కలిపే ఆన్‌లైన్ గేమ్ ఐతే స్టీమ్ లెక్కలు చూపించే స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో చూడాలి, అదీ మన సాయంత్రం టైమ్‌లో, అమెరికా టైమ్‌లో కాదు. ఒక్కళ్లే ఆడే గేమ్‌కి మాత్రం ఆ నంబర్ ఎంత తక్కువున్నా పర్లేదు, "డెడ్ గేమ్" అని కామెంట్ పెట్టేవాళ్లని పట్టించుకోవద్దు, కథ ఉన్న గేమ్ చచ్చిపోవడమేంటి.

మెషీన్ సంగతి మన దగ్గర ఇంకా ముఖ్యం, ఎందుకంటే చాలామంది ఆడేది కాలేజీకో ఆఫీస్‌కో కొన్న లాప్‌టాప్‌లో, అందులో గ్రాఫిక్స్ కార్డ్ విడిగా ఉండదు. ఇండీ అంటే లైట్‌గా ఉంటుంది అనుకోవడం పాత మాట. బాలాట్రో ఎందులోనైనా నడుస్తుంది నిజమే, కానీ ఇద్దరు ముగ్గురు కలిసి అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేసే త్రీడీ గేమ్స్ కొన్నిసార్లు పెద్ద కంపెనీ గేమ్స్ కంటే బరువుగా నడుస్తాయి, ఎందుకంటే స్పీడ్ పెంచే పనికి విడిగా మనిషిని పెట్టుకునే స్థోమత వాళ్లకుండదు. కనీసం ఎలాంటి మెషీన్ కావాలో చెప్తూ మినిమమ్ అని పేజీలో రాసింది కూడా చాలాసార్లు వాళ్ల దగ్గరున్న ఒకటో రెండో కంప్యూటర్లలో చూసి వేసిన అంచనానే. 2024 జనవరి నుంచి ఏఐ వాడితే పేజీలో చెప్పాలని రూల్ ఉంది, ఆ ముక్క కూడా ఒకసారి చదవొచ్చు, బొమ్మలన్నీ ఏఐతోనే చేశాం అని ఉంటే మిగతాదాని మీద పెట్టిన శ్రద్ధ ఎంతో ఊహించుకోవచ్చు, అందరూ అలాగే అని కాదు.

ధర దగ్గరికొస్తే, ఇండియాలో ఎంత పెట్టాలన్నది డెవలపర్ ఇష్టం. వాల్వ్ ఒక సలహా పట్టిక ఇస్తుంది, 2022 అక్టోబర్‌లో దాన్ని మార్చింది, ఆ తర్వాత మన దగ్గర ధరలు చాలావరకు పైకెళ్లాయి. కొందరు మన జేబుని చూసి తగ్గించి పెడతారు, కొందరు డాలర్‌ని నేరుగా రూపాయల్లోకి మార్చేసి వదిలేస్తారు, అలాంటిది కనిపిస్తే సేల్ దాకా ఆగడంలో తప్పులేదు. స్టీమ్‌డీబీలో ఆ గేమ్ ఇప్పటిదాకా ఎంత తక్కువకి వచ్చిందో రూపాయల్లోనే కనిపిస్తుంది. విష్‌లిస్ట్‌లో ఉన్నది 20 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గితే మెయిల్ వస్తుంది, కాబట్టి రోజూ వెళ్లి చూడాల్సిన పన్లేదు. రిలీజ్ డిస్కౌంట్ 10 శాతం, వారంలో ఐపోతుంది అని కౌంట్‌డౌన్ చూపిస్తే కంగారుపడొద్దు, అదైపోయాక ఓ నెల దాకా మళ్లీ డిస్కౌంట్ పెట్టడానికి స్టీమ్ రూల్స్ ఒప్పుకోవు గానీ ఆ తర్వాత వచ్చే పెద్ద సేల్‌లో చాలావరకు అంతకంటే తక్కువకే వస్తుంది. దీనికి ఉల్టాగా నడిచేవి ఎర్లీ యాక్సెస్ గేమ్స్, పూర్తయ్యేసరికి ధర పెంచుతారు, వాంపైర్ సర్వైవర్స్ కూడా 3 నుంచి 5 డాలర్లైంది. గాగ్ అనే ఇంకో స్టోర్‌లో దొరికే గేమ్ ఐతే అక్కడ రూల్ ఇంకా ఉదారం, టెక్నికల్‌గా ఏ ఇబ్బంది లేకపోయినా, ఆడేసినా సరే 30 రోజుల్లోపు రిఫండ్ ఇస్తారు. ఎపిక్‌లో వారం వారం ఫ్రీగా ఇచ్చేవాటిలో ఇండీ గేమ్సే ఎక్కువ, కాబట్టి మరీ తొందర లేనివాడికి ఏడాది ఆగితే సగం లిస్ట్ ఉచితంగానే రావచ్చు.

ఇంక మనవాళ్లు చేసిన గేమ్స్. "మన ఇండియన్ గేమ్, సపోర్ట్ చేద్దాం" అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది, సపోర్ట్ చేయడం తప్పు కాదు గానీ దాన్ని గేమ్ బావుందనడానికి సాక్ష్యంగా వాడటం తప్పు. 2020లో పుణె నుంచి నోడింగ్ హెడ్స్ వాళ్ల రాజీ వచ్చింది, కథ చెప్పేది దుర్గమ్మ, విష్ణుమూర్తి, మధ్యలో వచ్చే సీన్లు తోలుబొమ్మలాట పద్ధతిలో ఉంటాయి, ఆ కోటలు, ఆ రంగులు చూస్తుంటే వేరే ఏ గేమ్‌లోనూ చూడనట్టు ఉంటుంది, గేమ్ అవార్డ్స్‌లో డెబ్యూ కేటగిరీలో నామినేట్ కూడా అయింది. ఐతే ఫైట్లు కాస్త మొద్దుగా ఉంటాయి, ఐదారు గంటల తర్వాత కథ ఠక్కున ఆగిపోతుంది, నెగటివ్ రివ్యూల్లో ఎక్కువమంది పట్టుకున్నది ఈ రెండిటినే. ఆ రెండూ ముందే తెలిసి, చూడ్డానికే కొంటున్నా అనుకునేవాడికి డిస్కౌంట్‌లో హాయిగా కొనొచ్చు, గాడ్ ఆఫ్ వార్ అనే పెద్ద గేమ్‌లో లాంటి ఫైట్లు ఎదురుచూసేవాడికి వద్దు. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు 2017లో చేసిన అసుర ఇంకో రకం, పైనుంచి చూస్తూ నరుక్కుంటూ పోయే గేమ్, చచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదలు, ఆట ఆటకీ స్కిల్ ట్రీ, అంటే హీరో నేర్చుకునే పవర్స్ పట్టిక, మారిపోతుంది. చచ్చి మళ్లీ మొదలుపెట్టడం అంటేనే చిరాకు ఉన్నవాడు మన హైదరాబాద్ వాళ్లదే కదా అని కొంటే అరగంటలో తీసేస్తాడు, పైగా వెళ్లి ఒక నెగటివ్ రివ్యూ కూడా పడేస్తాడు, అంత చిన్న స్టూడియోకి ఆ ఒక్క రివ్యూ శాతాన్ని కిందకి లాగుతుంది. అసలు కొనకుండా ఉంటేనే వాళ్లకి ఎక్కువ సాయం చేసినట్టు.